పాత్ర పెరగాలంటే పదిమంది వినాలి

సంపాదకులకు నమస్కారం.

తెలుగు సినిమాకు మంచి కథలు కరవయ్యాయని కొందరు, కథలున్నా కొత్తవారికి నిర్మాణ సంస్థల ఆఫీసు గుమ్మం దాటే అవకాశమే లేదని మరికొందరు మీ పత్రికకు తరచుగా రాస్తున్న ఉత్తరాలను శ్రద్ధగా చదువుతున్నాను. పదకొండేళ్లుగా యూసుఫ్‌గూడలో ఉంటూ, ఇతరుల చిత్రాలకు డైలాగ్ వెర్షన్లు రాసి బతుకుతూ, సొంత కథలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న నాకు ఆ రెండు మాటల్లోనూ నిజం ఉందని తెలుసు. అయితే ఎవరూ రాయని మూడో సంగతి ఒకటి ఉంది. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గదుల్లో కూర్చుని కథలు రాసుకుంటున్న మాలో ఒకరి కథ మరొకరు వినరు, ఒకరికి మరొకరు వినిపించరు. అలా వినిపించుకోకపోవడం వల్లే మా కథల్లో మనుషులు పలచబడిపోతున్నారని, ఆఫీసులో కథ చెప్పేటప్పుడు మేం తేలిపోవడానికి ముఖ్య కారణం అదేనని నా అనుభవం మీద చెప్పదలిచాను.

మా లోకంలో 'లైన్' అనే మాటకు ఉన్నంత విలువ మరే మాటకూ లేదు. ఏ ఆఫీసుకు వెళ్లినా ముందుగా అడిగేది లైన్ ఏమిటనే. నాలుగు ముక్కల్లో కథ, ఇంటర్వెల్ ఎక్కడ పడుతుంది, క్లైమాక్స్ ఎలా ఉంటుంది అనేవి చెప్పగలిగితే చాలునన్న అలవాటు క్రమంగా మా తలల్లోకీ ఎక్కి, లైన్ దొరికితే కథ దొరికినట్టేననీ, అది బయటికి పొక్కితే సర్వం పోయినట్టేననీ నమ్మే స్థితికి వచ్చాం. గది అద్దె పంచుకుని, ఒకే కుక్కర్లో అన్నం వండుకు తినే ఇద్దరు రచయితల్లో ఒకరు లోపలికి రాగానే మరొకరు ల్యాప్‌టాప్ మూసేయడం నేను చాలాసార్లు చూశాను. మూసేసిన వారిలో నేనూ ఒకడిని.

అందుకు కారణం కూడా ఉంది. కొన్నేళ్ల కిందట ఒక నిర్మాణ సంస్థ ఆఫీసులో రెండు గంటలపాటు ఒక కథ చెప్పాను. ఆసుపత్రిలో చనిపోయినవారిని సొంత ఊళ్లకు చేర్చే అంబులెన్సు డ్రైవరు కథ అది. కబురు చేస్తామన్నారు, చేయలేదు. రెండేళ్ల తర్వాత అదే సంస్థ అదే వృత్తి చేసే కథానాయకుడితో సినిమా తీస్తున్నట్టు ప్రకటించింది. కోపంతో, దుఃఖంతో తెలిసిన న్యాయవాది ఒకరి దగ్గరికి పరుగెత్తాను. ఆయన నా కాగితాలు అడిగారు. నా దగ్గర ఉన్నవి రెండు పేజీలు. వాటిని చదివి, 'వృత్తి తప్ప ఇందులో మీది అని చెప్పుకోదగ్గది ఏముందండీ?' అని ఆయన మర్యాదగానే అడిగిన ప్రశ్న నన్ను ఆ సినిమా ప్రకటన కంటే ఎక్కువగా బాధించింది. ఎందుకంటే నా డ్రైవరుకు పేరు తప్ప మరేమీ లేదు. రాత్రంతా బండి నడిపేటప్పుడు అతను వెనుక కూర్చున్న బంధువులతో మాట్లాడతాడా, మాట్లాడడా? దారిలో టీ తాగడానికి బండి ఆపాలంటే వాళ్లను ఎలా అడుగుతాడు? తెల్లవారి ఇంటికి వెళ్లి ముందు ఏం చేస్తాడు? ఇవేవీ నేను ఆలోచించనే లేదు. లైన్ దొరికిందన్న సంబరంలో మనిషిని మరిచిపోయాను.

ఆ న్యాయవాదే నాకు 1978లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్.జి. ఆనంద్ కేసు తీర్పు గురించి చెప్పారు. ఢిల్లీకి చెందిన ఒక నాటక రచయిత తన నాటకాన్ని కాపీ కొట్టి హిందీ చిత్రం తీశారంటూ వేసిన దావా అది. ఆలోచన మీద, ఇతివృత్తం మీద, కథాంశం మీద ఎవరికీ కాపీరైటు ఉండదనీ, వాటిని రచయిత ఏ రూపంలో, ఏ వివరాలతో అల్లాడో ఆ అల్లికకే రక్షణ ఉంటుందనీ న్యాయస్థానం చెప్పి, ఆ రచయిత అప్పీలును కొట్టివేసింది. అన్యాయం జరిగిందని అనుకునే రచయితకు ఈ మాట చేదుగా ఉంటుంది, నాకూ అలాగే తోచింది. కానీ నిదానంగా ఆలోచించిన కొద్దీ అందులో మాకు ఉపయోగపడే సంగతే కనిపించింది. మేం ప్రాణంగా దాచుకుంటున్న లైన్‌ను చట్టమే మా సొత్తుగా గుర్తించడం లేదు. మా సొత్తు అయ్యేది పాత్ర నడక, మాట, అలవాటు, అది ఒక్కో సన్నివేశంలో చేసే పని. అంటే దాచిపెట్టడం వల్ల దక్కేది ఏమీ లేదు. పాత్రను వివరంగా రాసుకున్నవాడికే ఎంతో కొంత రక్షణ.

అది అర్థం కావడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ ఎవరికీ ఒక్క కథ చెప్పలేదు, ఒక్క మంచి పాత్రా రాయలేదు. ఆ తర్వాత ఐదుగురం కలిసి ప్రతి ఆదివారం ఉదయం ఏడు గంటలకు కృష్ణకాంత్ పార్కులో ఒక సిమెంటు బెంచీ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాం. నాతోపాటు ఒక అసిస్టెంట్ డైరెక్టర్, రాత్రి షిఫ్టు ముగించుకుని నేరుగా వచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డిగ్రీ కళాశాలలో తెలుగు చెప్పే ఒక మేడమ్, మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి రెండేళ్లయిన ఒక అమ్మాయి. మేం పెట్టుకున్న నియమాలు రెండే. చదవబోయే కథను ముందు రోజు రాత్రే అందరికీ ఈమెయిల్ చేయాలి, అందువల్ల ఏ తేదీకి ఎవరి దగ్గర ఏముందో రికార్డు ఉంటుంది. రెండోది, విన్నవాళ్లు 'నేనైతే ఇలా రాస్తాను' అనకూడదు. పాత్ర గురించి ప్రశ్నలు మాత్రమే అడగాలి.

ఆ ప్రశ్నల విలువ చెప్పడానికి ఒక్క ఉదాహరణ, ఆ అమ్మాయి అనుమతితోనే రాస్తున్నాను. కూకట్‌పల్లిలో ఒక అపార్టుమెంటు సెల్లార్‌లో ఇస్త్రీ బండి పెట్టుకున్న స్త్రీ కథ ఆమె రాసింది. మొదటిసారి చదివినప్పుడు ఆ స్త్రీ కష్టజీవి, మంచి మనిషి, కొడుకును చదివించుకుంటోంది. అంతే. మేమంతా బాగుందన్నాం, అంతకంటే అనడానికి ఏమీ తోచలేదు. అప్పుడు తెలుగు మేడమ్ అడిగారు: 'అవునమ్మా, ఇస్త్రీకి వచ్చిన చొక్కా జేబుల్లో డబ్బులుంటే ఆమె ఏం చేస్తుంది?' ఆ అమ్మాయి వెంటనే 'ఇచ్చేస్తది మేడమ్, మంచిది కదా' అంది. 'అందరికీ ఇచ్చేస్తుందా?' అని మేడమ్ మళ్లీ అడిగేసరికి జవాబు చెప్పలేక, ఆలోచించుకుని వస్తానని వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారం ఆమె తెచ్చిన పేజీలు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉన్నాయి. ఇస్త్రీ బండి కింద ఒక ఖాళీ హార్లిక్స్ సీసా ఉంటుంది. జేబుల్లో దొరికిన నోట్లను ఆ స్త్రీ కాగితంలో చుట్టి, పైన ఫ్లాటు నంబరు రాసి అందులో వేస్తుంది. శనివారం బట్టలతోపాటు ఎవరివి వారికి ఇచ్చేస్తుంది. 302 వాళ్లవి మాత్రం ఇవ్వదు. మూడేళ్ల కిందట ఆ ఫ్లాటు ఆయన చొక్కా జేబులో ఐదు వందల నోటు పోయిందని సెల్లార్‌లో అందరి ముందూ నిలదీసి, ఆ డబ్బు ఆమె కూలిలో కోసుకున్నాడు. నోటు తర్వాత ఆయన ప్యాంటులోనే దొరికింది. ఆ సంగతి పనిమనిషి వచ్చి చెప్పిందే తప్ప ఆయన తిరిగి ఇవ్వలేదు, పొరపాటయిందని కూడా అనలేదు. అప్పటి నుంచి 302 జేబుల్లో దొరికే పదీ ఇరవై ఆమె తన దగ్గరే ఉంచుకుని, బండి చెక్క అడుగున సుద్దముక్కతో గీతలు పెడుతోంది. లెక్క ఐదు వందలకు చేరిన మరుసటి వారం ఆయన చొక్కాలో దొరికిన పది రూపాయలను పైకి తీసుకెళ్లి ఆయన చేతిలో పెడుతుంది.

అది విన్నాక మాలో ఎవరూ ఆ స్త్రీని మంచి మనిషి అని పిలవలేదు. ఆమె మాకు తెలిసిన మనిషి అయిపోయింది. ఈ పాత్రను రాసింది పూర్తిగా ఆ అమ్మాయే. సీసా గానీ, సుద్దగీతలు గానీ మాలో ఎవరూ ఇచ్చినవి కావు. కానీ ఆ ప్రశ్న అడిగే మనిషి ఎదురుగా లేకపోతే ఆ సీసా పుట్టేది కాదు. ఇందుకు మన సాహిత్యంలోనే పెద్ద సాక్ష్యం ఉంది. గురజాడ 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. దాదాపు పుష్కరం తర్వాత, 1909లో వచ్చిన రెండో కూర్పును ఆయన కొత్త నాటకమా అన్నంతగా తిరగరాశారు. మధురవాణి నేడు మనకు తెలిసినంత నిండుగా కనిపించేది ఆ రెండో కూర్పులోనే. అంతటి మహాకవే పాత్రను అంతగా పెంచుకున్నప్పుడు, మొదటి డ్రాఫ్టుతోనే బౌండ్ స్క్రిప్టు కట్టించుకుని ఆఫీసులకు వెళ్లే మేం ఎంత తొందరపడుతున్నామో ఆలోచించాలి.

ఇక నేరేషన్ సంగతి. కథ రాయడం ఒక పని అయితే, దాన్ని ఎదుటివారికి చెప్పడం వేరే పని. మాలో చాలామందికి అందులో అభ్యాసమే ఉండదు. ఆ అమ్మాయి మొదటిసారి మా ముందు కథ చెప్పినప్పుడు తల వంచుకుని, ఆ స్త్రీ పుట్టిన ఊరి దగ్గర మొదలుపెట్టి గంటా యాభై నిమిషాలు చెప్పింది. మా అసిస్టెంట్ డైరెక్టర్ నిర్మాతగా ఎదురుగా కూర్చుని, మధ్యలో రెండు ఫోన్లు మాట్లాడి, ఎవరికో టీ చెప్పి, 'ఎక్కడున్నాం?' అని అడిగేసరికి ఆమె గొంతు ఆగిపోయింది. ఆఫీసుల్లో జరిగేది అదే కాబట్టి అతను కావాలనే అలా చేశాడు. ఐదు వారాలు అలాగే సాధన చేశాక ఆమె హార్లిక్స్ సీసాతో మొదలుపెట్టి ఇరవై ఐదు నిమిషాల్లో కథ ముగించగలిగింది. ఎక్కడ ఆపినా ఆ సీసా దగ్గరి నుంచే మళ్లీ అందుకునేది. ఆమెను ఆఫీసుకు తీసుకెళ్లింది కూడా ఆ అసిస్టెంట్ డైరెక్టరే. తను పనిచేసే చోట కొత్త కథలు వింటున్నారని తెలిసినప్పుడు, బ్యాగులో తన సొంత కథ ఉండి కూడా, ముందు ఈమె కథ వినమని చెప్పాడు. వాళ్లు ఆ కథ తీసుకోలేదు. పక్షం రోజుల తర్వాత ఫోన్ చేసి, ఇంకో కథ ఉంటే చెప్పమన్నారు. ప్రస్తుతం ఆమె దాని మీదే పనిచేస్తోంది.

కథలు పోతాయన్న భయం ఉత్తదని నేను అనను. పోగొట్టుకున్నవాడిని. అందుకే చెప్పబోయే ముందు పూర్తిగా రాసుకోవాలి, రచయితల సంఘంలో గానీ కాపీరైటు కార్యాలయంలో గానీ నమోదు చేయించుకోవాలి. సాహిత్య రచనకు కాపీరైటు నమోదు రుసుము రూ.500. నమోదు లేకపోయినా రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది కానీ, వివాదం వచ్చినప్పుడు ఆ నమోదే మొదటి సాక్ష్యంగా నిలుస్తుంది. ఇవన్నీ చేసి కూడా ఎవరికీ వినిపించని కథకు ఆ కాగితాలు ఏం మేలు చేస్తాయి?

ఈ సందర్భంగా పెద్దలకు నా విన్నపం ఒకటుంది. జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ 2007 నుంచి స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్ నడుపుతూ, ఎంపికైన రచయితల చేత అనుభవజ్ఞుల పర్యవేక్షణలో స్క్రిప్టులు తిరగరాయిస్తోంది. ఇన్ని స్టూడియోలున్న హైదరాబాద్‌లో తెలుగులో అలాంటి ఏర్పాటును ఫిల్మ్ చాంబర్, రచయితల సంఘం కలిసి చేయడం అసాధ్యం కాదు. అది జరిగే లోపు మాకు కావలసింది ఒక గది, నాలుగు కుర్చీలు. వానాకాలంలో పార్కులో కూర్చోలేక మేం ఎన్నో ఆదివారాలు పోగొట్టుకున్నాం. బంజారాహిల్స్‌లోని లామకాన్ 2010 నుంచి ఇలాంటి పనులకు చోటిస్తోంది గానీ, నగరమంతటికీ అదొక్కటే సరిపోదు. 1901లో ఈ నగరంలో స్థాపితమై, నేటికీ సుల్తాన్ బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం వరకు, తెలుగువారు కూడి చదువుకోవడానికి వెలసిన సంస్థలు ఎన్నో ఉన్నాయి. ఆదివారం ఉదయం రెండు గంటలు ఒక గదిని కథలు చదువుకునే కొత్త రచయితలకు కేటాయించవలసిందిగా వాటి నిర్వాహకులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మీ ఆదివారం అనుబంధంలో వారానికి అరపేజీ కొత్త రచయితల పాత్రల కోసం ఇవ్వగలరేమో కూడా దయచేసి పరిశీలించండి. లైన్ అక్కర్లేదు, కథ మొత్తం అక్కర్లేదు. ఒక మనిషి, ఒక సన్నివేశం, కింద రాసినవారి పేరు, తేదీ. మొదటి వారానికి ఇస్త్రీ బండి పేజీలు పంపడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది. నా అంబులెన్సు డ్రైవరును కూడా మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను, రెండో వారానికి సిద్ధం చేయగలను.

భవదీయుడు,
ఒక సినీ రచయిత,
యూసుఫ్‌గూడ, హైదరాబాద్