నాన్న ఫోన్‌కు నాన్న జీమెయిలే పెట్టండి

సంపాదకులు గారికి,

కొత్త ఫోన్ కొన్నవాళ్లకు సాంకేతిక శీర్షికల్లో తరచూ దొరికే సలహా ఒకటుంది: "సింక్ ఆన్ చేసి పెట్టుకోండి, ఇక మీ డేటాకు ఢోకా లేదు." ఇందులో సగమే నిజం. అన్ని పరికరాల్లోనూ ఒకే సరుకు ఉండేలా చూడటం వరకే సింక్ పని. ల్యాప్‌టాప్‌లో చేర్చిన నంబరు ఫోన్‌లోకి ఎంత కచ్చితంగా వస్తుందో, ఫోన్‌లో చెరిపేసిన నంబరు ల్యాప్‌టాప్‌లోంచి అంతే కచ్చితంగా పోతుంది. పొరపాటున చెరిపారా, కావాలనే చెరిపారా అన్నది దానికి పట్టదు.

బెంగళూరు తెలుగు కుటుంబాలను ఇది దెబ్బతీసేది ఎక్కువగా ఒక అలవాటు వల్ల. సంక్రాంతికి ఊరెళ్తూ అబ్బాయో అమ్మాయో అనంతపురంలో, కడపలో ఉన్న నాన్నకు కొత్త ఫోన్ పట్టుకెళ్తారు. ఆయన పేరున అకౌంట్ తెరిచి, పాస్‌వర్డ్ ఎక్కడో రాసిపెట్టే ఓపిక ఉండదు. తమ జీమెయిల్‌తోనే ఫోన్ మొదలుపెట్టి చేతికిచ్చేస్తారు. ఆ క్షణం నుంచి రెండు ఫోన్ల కాంటాక్ట్స్ జాబితా ఒక్కటే. మారతహళ్ళి ఇంటి ఓనరు, ఆఫీసు క్యాబ్ డ్రైవరు, టీమ్ లీడరు అందరూ నాన్న ఫోన్‌లో ప్రత్యక్షమవుతారు. ఈ పేర్లెవరివో తెలియక ఆయన తీరిగ్గా కూర్చుని ఒక్కొక్కటే తీసేస్తుంటే, ఇక్కడా ఒక్కొక్కటే మాయమవుతుంది. గూగుల్ ఫొటోస్‌లోనూ ఇదే తంతు. ఫోన్ నిండిపోయిందని 'డిలీట్' నొక్కితే ఫొటో అకౌంట్‌లోంచే పోతుంది. అక్కడ నొక్కాల్సింది 'ఫ్రీ అప్ స్పేస్'. అది, అప్పటికే బ్యాకప్ అయిన ఫొటోల తాలూకు ఫోన్ కాపీని మాత్రమే తీస్తుంది.

విడదీయడం అరగంట పని, కానీ వరుస తప్పకూడదు. ముందు కంప్యూటర్‌లో గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి, మొత్తం జాబితాను 'వీకార్డ్' (కాంటాక్ట్స్ దాచే ఫైలు రకం) రూపంలో ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. పట్టికలా ఉండే 'సీఎస్‌వీ' రకం వద్దు. దాన్ని ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగు పేర్లు తరచూ పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి, అలాగే సేవ్ చేశారంటే ఇక బాగుపడవు. తర్వాత నాన్న పేరున కొత్త జీమెయిల్ తెరిచి ఈ ఫైలును అందులోకి ఇంపోర్ట్ చేసి, ఆయనకు అక్కర్లేని నంబర్లను అక్కడే తీసేయాలి. ఆ అకౌంట్‌ను ఆయన ఫోన్‌లో చేర్చి, పేర్లన్నీ వచ్చాయో లేదో చూడాలి. వాట్సాప్‌లో 'చాట్ బ్యాకప్'కు వెళ్లి గూగుల్ అకౌంట్‌ను కొత్తదానికి మార్చి, ఒకసారి బ్యాకప్ తీయాలి. ఈ మెట్టు మరిచిపోతే ఆయన చాట్‌లు పిల్లల డ్రైవ్‌లోనే ఉండిపోతాయి. పాత ఫొటోలు ఫోన్‌లో నిజంగా ఉన్నాయో, క్లౌడ్‌లో మాత్రమే ఉన్నాయో కూడా చూసుకుని, అప్పుడు పాత అకౌంట్‌ను ఆ ఫోన్‌లోంచి 'రిమూవ్' చేయాలి. రిమూవ్ అన్న మాట చూసి అంతా పోతుందేమోనని జంకి, నంబర్లను విడివిడిగా డిలీట్ చేసేవాళ్లున్నారు. నిజానికి ప్రమాదం ఆ డిలీట్‌లోనే ఉంది. అకౌంట్‌ను రిమూవ్ చేస్తే పోయేది ఆ ఫోన్‌లో ఉన్న కాపీయే, గూగుల్ దగ్గరున్న అసలుకు ఏమీ కాదు.

నంబర్లు ఇప్పటికే పోయి ఉంటే 30 రోజుల గడువుంది. కంప్యూటర్‌లో గూగుల్ కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లో 'అన్‌డూ ఛేంజెస్' ఉంటుంది. గంట క్రితం, నిన్న, వారం క్రితం, ఎప్పటి స్థితి కావాలంటే అప్పటికి జాబితా వెనక్కి వెళ్తుంది. చిక్కేమిటంటే, ఆ తర్వాత కొత్తగా చేర్చిన నంబర్లు పోతాయి. కాబట్టి నొక్కే ముందు ఇప్పటి జాబితాను ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి. ఫొటోలైతే ట్రాష్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు ఉంటాయి.

ఐటీ ఉద్యోగులు చూసుకోవాల్సింది ఇంకొకటి. ఫోన్‌లో కంపెనీ అకౌంట్ కూడా ఉంటే కొత్త నంబర్లు చడీచప్పుడు లేకుండా అందులో పడుతుండవచ్చు. ఉద్యోగం మారిన రోజు ఆ అకౌంట్ మూతపడుతుంది, పిల్లల డాక్టరు నంబరూ దాంతోపాటే. కాంటాక్ట్స్ యాప్ సెట్టింగ్స్‌లో కొత్త నంబర్లకు డిఫాల్ట్ అకౌంట్ ఏదో ఒకసారి చూసుకోండి. సిమ్‌లో దాచుకుంటే భద్రమన్న పాత నమ్మకం తెలుగు పేర్లకు అసలే పనికిరాదు. 'వెంకటేశ్వర్లు' చూడటానికి ఐదు అక్షరాలే అయినా వత్తులూ గుణింతాలూ కలిపి కంప్యూటర్ లెక్కలో 13 సంకేతాలు, ఒక్కోదానికి సాధారణంగా 2 బైట్లు. సిమ్‌లో పేరుకు దొరికే కాస్త చోటులో స్వామి సగంలోనే ఆగిపోతాడు.

మరి బ్యాకప్ ఎక్కడ పెట్టాలి? గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ సర్దుకోవాలి. 2021 జూన్ 1 నుంచి ఎక్కించిన ఫొటోలు ఈ లెక్కలోకి వస్తున్నాయి, ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్‌లూ వచ్చి చేరాయి. అది నిండగానే ఫొటోల బ్యాకప్ ఆగుతుంది. కాంటాక్ట్స్ మాత్రం ఎప్పట్లాగే సింక్ అవుతుంటాయి కాబట్టి అంతా బాగానే ఉందనిపిస్తుంది.

ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు, ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కు ఫైళ్లను నేరుగా పంపే 'సింక్‌థింగ్' అనే సాఫ్ట్‌వేర్ మంచి దారి. ఉచితం, మధ్యలో ఎవరి క్లౌడూ ఉండదు. దాని అధికారిక ఆండ్రాయిడ్ యాప్ 2024 డిసెంబరుతో ఆగిపోయింది, ఇప్పుడు 'సింక్‌థింగ్-ఫోర్క్' వాడుతున్నారు. ఫోన్‌లో కెమెరా ఫోల్డర్‌ను 'సెండ్ ఓన్లీ'గా, ల్యాప్‌టాప్‌లో 'రిసీవ్ ఓన్లీ'గా పెడతారు. అంతటితో సరిపోదు, ఫోన్‌లో చెరిపింది అప్పుడూ ల్యాప్‌టాప్‌లో చెరుగుతుంది. ల్యాప్‌టాప్ వైపు 'ఫైల్ వెర్షనింగ్'లో 'స్టాగర్డ్' ఎంచుకుంటేనే చెరిపినవి ఒక దాగిన ఫోల్డర్‌లో, గడువును మనం మార్చకపోతే 365 రోజుల వరకు నిలుస్తాయి. ఫోన్ బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఈ యాప్‌కు ఆంక్షలు తీసేయకపోతే తెర ఆరిన కాసేపటికే పని ఆగిపోవచ్చు. పీజీల వైఫైలో చాలాచోట్ల ఒక పరికరానికి మరొకటి కనబడనివ్వరు. కనెక్షన్ దగ్గర 'రిలే' అని చూపిస్తుంటే డేటా నేరుగా కాక బయటి సర్వర్ మీదుగా ఊరంతా తిరిగి వస్తోందని అర్థం. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్‌కు ల్యాప్‌టాప్‌ను కలిపితే నేరుగా, త్వరగా వెళ్తుంది, నెట్ ప్యాక్ కూడా ఖర్చు కాదు.

60 జీబీ ఫొటోలను క్లౌడ్‌కు ఎక్కించాలంటే రోజుకు 2 జీబీ ప్యాక్ మీద నెల పడుతుంది. 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న బ్రాడ్‌బ్యాండ్ మీద కాగితం లెక్క 3 గంటల 20 నిమిషాలు, అసలులో ఒక రాత్రి అనుకోండి. మొదటి బ్యాకప్‌ను ఊళ్లో కాకుండా ఇక్కడే, బయల్దేరే ముందే ముగించుకోవడం మేలు.

అకౌంట్ విడదీసే వరుసను మీ సాంకేతిక శీర్షికలో పండగకు వారం ముందు వేయగలిగితే, ఫోన్ పెట్టెతో బస్సెక్కేవాళ్లకు ఉపయోగపడుతుంది.

– ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు