సన్న బియ్యం ఇచ్చారు, పక్కన పప్పు కూడా ఇవ్వండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, నేను ఇరవై తొమ్మిదేళ్లు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైర్ అయ్యాను. ఎక్కువ కాలం పాలమూరు పల్లెల్లోనే గడిచింది. వేలు గుచ్చడం, చుక్క రక్తం తీయడం, వచ్చిన హిమోగ్లోబిన్ అంకెను రిజిస్టర్‌లో రాయడం నా పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో సన్నటి గాజు గొట్టంలో రక్తం పోసి, యాసిడ్ కలిపి, గోధుమ రంగు ఎంత చిక్కగా వచ్చిందో కంటితో పోల్చి చూసేవాళ్లం. తర్వాత మెషిన్లు వచ్చాయి. అంకె మాత్రం పెద్దగా మారలేదు. ఆ అంకెను మా వైపు పాయింట్లు అంటారు. "మేడం, నా రక్తం ఎన్ని పాయింట్లుంది?" అని అడగని గర్భిణి లేదు. పదకొండు దాటిందని చెప్పగలిగితే ఆ పూటంతా నాకు సంతోషంగా ఉండేది. ఎక్కువగా రాసినవి మాత్రం తొమ్మిది, ఎనిమిది, ఏడున్నర.

రిటైర్మెంట్‌కు కొన్నేళ్ల ముందు ఒక రోజు అత్తాకోడళ్లు కలిసి వచ్చారు. కోడలికి ఇరవై రెండేళ్లు, రెండో కాన్పు, ఐదో నెల. అత్త షుగర్ పరీక్షకు వచ్చింది. కోడలి వేలు గుచ్చితే చుక్క పలచగా, నీళ్లు కలిపినట్టు జారింది. ఏడు పాయింట్ల ఒకటి. అలాంటి రక్తం కనబడితే నేను అడిగే మొదటి ప్రశ్న, బియ్యం నములుతున్నావా అని. ఒంట్లో ఐరన్ అడుగంటినప్పుడు పచ్చి బియ్యం, మట్టి, సుద్ద తినాలని నోరు పీకుతుంది. ఆ పిల్ల తల దించుకుంది. అత్తే చెప్పింది: "బియ్యమే కాదు మేడం, దుకాణంల బలపాలు కొనుక్కోని గూడ తింటది."

"పొద్దున ఏం తిన్నవమ్మా?"

"చాయ్ తాగిన."

"రాత్రి?"

"బువ్వ, పచ్చిపులుసు."

"అంగన్‌వాడీల గుడ్డు ఇస్తరు గద?"

"ఇస్తరు మేడం. ఇంటికాడ చిన్నోడు ఏడుస్తడని కొంగుల కట్టుకపోత."

అదే బల్ల మీద అత్తకు పరీక్ష చేస్తే షుగర్ 268. ఆమె తిన్నదీ అదే బువ్వ, అదే పచ్చిపులుసు. ఒకే కుండలోని అన్నం ఒకరికి రక్తం లేకుండా చేసింది, ఇంకొకరికి రక్తంలో చక్కెర నింపింది. రెండు చీటీలు రాసి ఇద్దరినీ డాక్టరు గారి గదికి పంపాను. ఒకరికి ఐరన్ మాత్రలు, ఇంకొకరికి షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్. ఆ కుండ గురించి మాత్రం ఎవరమూ ఏమీ రాయలేదు. ఆ రోజు నుంచి నన్ను తొలుస్తున్నది అదే.

ఇది ఒక్క ఇంటి కథ కాదని మీ శాఖ లెక్కలే చెబుతున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లో తెలంగాణలో ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత 60.7 శాతం. 2019-21 సర్వేకు అది 70 శాతానికి చేరింది. అంటే పది మందిలో ఏడుగురు. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం. ఈ మధ్య కాలంలో మాత్రలు తగ్గలేదు, పథకాలు పెరిగాయి. 2018లో రక్తహీనత తగ్గించడానికి కేంద్రం తెచ్చిన అనీమియా ముక్త్ భారత్ పథకం కూడా వచ్చింది. అయినా రక్తహీనత ఎందుకు తగ్గలేదో అడగాల్సింది ముందుగా మీరే.

మాత్రలు పనికిరావని నేను అనడం లేదు. ఏడు పాయింట్ల మనిషిని పాలకూర ఒక్కటే గట్టెక్కించదు, మాత్ర పడాల్సిందే. కానీ ఆ మాత్ర కడుపులోకి ఎలా పోతోందో చూడండి. గర్భిణికి ఆరు నెలల పాటు రోజూ ఐరన్ మాత్ర ఇస్తాం, కాల్షియం మాత్రా ఇస్తాం. రెండింటి మధ్య కనీసం రెండు గంటల తేడా ఉండాలి, లేకపోతే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు. ఓపీలో నూట యాభై మంది లైన్లో ఉంటే ఆ మాట చెప్పే తీరిక ఎవరికి ఉంటుంది? రెండూ ఒకే సంచిలో ఇంటికి పోతాయి, రెండూ ఒకేసారి చాయ్‌తో గొంతులోకి పోతాయి. చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. కొందరికి వికారం, కొందరికి మలబద్ధకం. విరేచనం నల్లగా వస్తే భయం, పుట్టే బిడ్డ కూడా నల్లగా పుడుతుందని ఇంకో భయం. స్టీలు డబ్బాలో మూడు నెలల మాత్రలు అలాగే దాచుకున్న ఇళ్లు నేను చూశాను. ఆ ఆడవాళ్ల మీద నాకు కోపం రాలేదు. కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడే మనిషి వాళ్లకు ఎప్పుడూ దొరకలేదు.

రేషన్ బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 ఉన్న గింజలను నూటికి ఒకటి చొప్పున కలిపి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడూ ఇదే జరిగింది. మా పక్కింటావిడ చాటలో బియ్యం పోసుకుని ఆ గింజలను ఒక్కొక్కటిగా ఏరి పారేస్తుంటే నేనే ఆపాను. ప్లాస్టిక్ బియ్యం అనుకుంది. కడిగితే కొన్ని నీళ్ల మీద తేలతాయి, రంగు కాస్త తేడాగా ఉంటుంది, అనుమానం రాక ఏమవుతుంది? ప్రభుత్వం ఖర్చు పెట్టి కలిపిన గింజ చాట దాకా వచ్చి పెంటకుప్ప మీదికి పోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. 2025 ఉగాదికి మీ ప్రభుత్వం సన్న బియ్యం పథకం మొదలుపెట్టింది. మనిషికి ఆరు కిలోలు. పేదలు తినగలిగే బియ్యం ఇచ్చినందుకు మనస్ఫూర్తిగా సంతోషించాను. దొడ్డు బియ్యం అమ్ముకుని సన్న బియ్యం కొనుక్కునే ఇళ్లు నాకు తెలుసు, ఆ భారం తగ్గింది. కానీ అయ్యా, పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. అదే కొలతకు జొన్నల్లో దాదాపు నాలుగు, సజ్జల్లో ఆరుకు పైగా ఉంటుంది. ఈ లెక్క ఎక్కడో కట్టింది కాదు, మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన పట్టికల్లోదే. ఉచితంగా వచ్చే బియ్యంతో కంచం నిండుతుంది. పప్పు, కూర, గుడ్డు కొనుక్కోవాలి. కందిపప్పు కిలో 150 రూపాయలు దాటిన నెలల్లో కూలి ఇంట్లో ముందుగా మాయమయ్యేది పప్పే. అప్పుడు మిగిలేది పచ్చిపులుసు.

తార్నాక సంస్థ పేరు ఎత్తాను కాబట్టి దాని పుట్టుక గురించి రెండు మాటలు. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో బ్రిటిష్ డాక్టర్ రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనే దానికి మూలం. బెరిబెరి ఎక్కడి జబ్బో తెలుసా? అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పుడు బియ్యం తినే జిల్లాల్లో పెద్దగా లేదు. పచ్చి బియ్యాన్ని మరపట్టించి తెల్లగా తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన తెలుగు కోస్తాలోనే ఎక్కువ. తవుడుతో పాటు బీ1 విటమిన్ పోయింది, కాళ్లు తిమ్మిరెక్కాయి, గుండె వాచింది. 1958లో ఆ సంస్థ హైదరాబాద్‌కు వచ్చాక ఇక్కడి డాక్టర్లకు ఇంకో జబ్బు కనబడింది. దక్కన్‌లో జొన్న తప్ప వేరే ఏమీ దొరకని పేదలకు మెడ చుట్టూ హారం వేసినట్టు, ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి మండేది. పెల్లాగ్రా. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య జొన్న ప్రొటీన్లో ఎక్కువగా ఉండే అమైనో ఆమ్లం ల్యూసిన్‌కు, ఈ జబ్బుకు సంబంధం ఉందని 1960లో ప్రకటించారు.

నేను ఇది ఎందుకు చెబుతున్నానంటే, బియ్యం మాని జొన్న తింటే అన్నీ సర్దుకుంటాయని ఈ మధ్య టీవీల్లో చాలామంది చెబుతున్నారు. జొన్న మంచిదే, మా అమ్మ చేతి జొన్న రొట్టె రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది. కానీ అదొక్కటే తిన్నవాళ్లకూ జబ్బే చేసింది. బియ్యం ఒక్కటే తిన్నవాళ్లకూ జబ్బే చేసింది. పాపం గింజది కాదు, పక్కన ఇంకేమీ లేకపోవడానిది. పప్పు, ఆకుకూర, గుడ్డు, ఒక నిమ్మ చెక్క పక్కన చేరితే అదే బియ్యం మంచి భోజనం అవుతుంది.

అత్త షుగర్ కూడా ఈ లెక్కలోనిదే. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 2023లో చెప్పింది. మన దేశంలో మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతం సరైన తిండి లేకపోవడం వల్లనే అని 2024లో తార్నాక వాళ్లు ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఉంది. తల్లి కడుపులో సరైన తిండి దొరకక బరువు తక్కువగా పుట్టిన పిల్లలకు పెద్దయ్యాక షుగర్, గుండె జబ్బు వచ్చే ముప్పు ఎక్కువని చాలా పరిశోధనలు తేల్చాయి. ఈ రోజు కోడలి ఏడు పాయింట్లను వదిలేస్తే, నలభై ఏళ్ల తర్వాత ఆమె బిడ్డ షుగర్ చీటీ మీ శాఖకే వస్తుంది.

మీకు నా విన్నపం ఒక్కటే. రేషన్ కార్డు మీద నెలకు కనీసం రెండు కిలోల కందిపప్పు, అడిగిన ఇళ్లకు బియ్యంలో కొంత బదులు జొన్నలు ఇప్పించండి. ఇది జరగని పని కాదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమ్మ హస్తం కింద 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు, అందులో కిలో కందిపప్పు ఉంది. తమిళనాడులో రేషన్ షాపులో కిలో కందిపప్పు 30 రూపాయలకు ఏళ్ల తరబడి ఇస్తున్నారు. పక్కనే ఉన్న కర్ణాటకలో రేషన్ మీద రాగులు, జొన్నలు ఇస్తారు. మన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్లు తమ చేలల్లో పండిన జొన్నలతోనే ఊళ్లో సొంతంగా రేషన్ నడిపి చూపించారు. మన రైతులు కందులు పండిస్తున్నారు, ధర లేదని రోడ్డెక్కుతున్నారు. వాళ్ల దగ్గర కొని ఈ ఇళ్లకు చేరిస్తే రెండు వైపులా మేలు.

ఇది పౌర సరఫరాల శాఖ పని అని మీ ఆఫీసులో అంటారని తెలుసు. గుడ్డు స్త్రీ శిశు సంక్షేమ శాఖది, బియ్యం పౌర సరఫరాలది, రక్తం తక్కువైన మనిషి మాత్రం మీది. ప్రసవం టేబుల్ మీద రక్తం పోతుంటే రాత్రి రెండు గంటలకు ఒక ప్యాకెట్ రక్తం కోసం జిల్లా కేంద్రానికి ఫోన్లు చేసేది మీ సిబ్బందే. నేను చేశాను, ఆ టెన్షన్ నాకు తెలుసు. అందుకే అడగాల్సింది మీరే అంటున్నాను. మీ పీహెచ్‌సీ రిజిస్టర్లలో ఊరి వారీగా హిమోగ్లోబిన్ అంకెలు ఉన్నాయి. ప్రతి మూడు నెలలకు ఆ అంకెలను మిగతా ఇద్దరు మంత్రుల ముందు పెట్టండి. ఏ మండలంలో పాయింట్లు పడిపోతున్నాయో ఆ మండలంలోనే పప్పు పంపిణీ మొదలుపెట్టించండి. మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు 16 గుడ్లే ఇస్తున్నారు. వాటిని 30 చేయమని కూడా అడగండి. చిన్నోడికి రోజూ గుడ్డు ఉంటే తల్లి గుడ్డు తల్లే తింటుంది.

ఆ కోడలిని నేను వదల్లేదు. మాత్ర అన్నం తిన్నాక వేసుకోమని, చాయ్ పక్కన పెట్టమని, నిమ్మకాయ నీళ్లు తాగమని, మా పాలమూరులో దొరికే పల్లీలు, మునగాకు తినమని ప్రతి నెలా చెప్పాను. ఎనిమిదో నెలకు తొమ్మిది పాయింట్ల నాలుగుకు వచ్చింది. బిడ్డ రెండు కిలోల మూడు వందల గ్రాములతో పుట్టింది. ఇప్పుడు ఆ పిల్లకు నాలుగేళ్లు. అయిదు నిండితే బడిలో గులాబీ రంగు ఐరన్ మాత్ర మొదలుపెడతారు. పదేళ్లకు నీలం మాత్ర, పెళ్లయ్యాక ఎర్ర మాత్ర. ఈలోగా ఆ ఇంటి రేషన్ కార్డు మీద పప్పు ఎక్కుతుందా అన్నది మీరు చెప్పాలి.

ఇట్లు,
రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా