మగకంకి కోసేస్తే పేరీతకు విత్తనం ఎక్కడి నుంచి వస్తుంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన నెల తిరుపతిలో రోడ్డు పక్కన ఒకాయన గోనెపట్టా పరిచి వేర్లు, బెరళ్లు అమ్ముతుంటే ఆగి చూశాను. వాటి మధ్య జానెడు పొడవున, గోధుమరంగులో, పొలుసులు పేర్చినట్టున్న కంకి ఒకటి కనిపించింది. "మదనకామాక్షి సార్, ఒంటికి బలం" అన్నాడు. అది మన శేషాచలం కొండల్లోని పేరీత మగకంకి. ఇది కోయకూడదు కదా అంటే, "చెట్టు నరకలేదు కదా సార్, కంకే కదా" అన్నాడు. చాలామంది అనుకునేదీ అదే.

పేరీత చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది గానీ ఈత జాతి కాదు, పూలు పూసే చెట్లు పుట్టకముందు నుంచే భూమ్మీద ఉన్న సైకస్ కుటుంబం. శాస్త్రీయంగా సైకస్ బెడ్డోమీ అంటారు. ఇందులో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగకంకిలోని పుప్పొడి ఆడచెట్టుకు చేరితేనే విత్తనం పడుతుంది, కాబట్టి కంకులన్నీ కోసుకుపోతే చెట్లు పచ్చగానే కనిపిస్తాయి, కింద ఒక్క మొలకా రాదు.

అడవిలో ఇది సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తానికీ మన తూర్పు కనుమల్లోనే, అదీ ముఖ్యంగా తిరుమల, కడప వైపు కొండల్లో. వన్యప్రాణి రక్షణ చట్టంలో 1991లో మొక్కల జాబితా పెట్టినప్పుడు అందులో ఉన్న ఆరు పేర్లలో ఇదొకటి. 1989లో ఇక్కడ జాతీయ పార్కు వచ్చింది, 2010లో శేషాచలం బయోస్పియర్ రిజర్వ్ అయింది. అయినా కంకి రోడ్డు మీదికి వస్తోంది.

ఇంకోటి, మంటలు. 2014 మార్చిలో తిరుమల అడవి తగలబడితే ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ముదురు పేరీత కాలినా మళ్లీ చిగురిస్తుంది, చిన్న మొలకలు మాత్రం మాడిపోతాయి.

అటవీశాఖ వారిని నేను అడిగేది పెద్ద పని కాదు. పేరీత గుంపుగా ఉన్న వాలుల్ని చిన్న చిన్న ప్లాట్లుగా గుర్తించి (అవి ఎక్కడున్నాయో బయటికి చెప్పక్కర్లేదు), కంకులొచ్చే రోజుల్లో కాపలా పెట్టండి, ఆ పని అడవి తెలిసిన యానాదులకే జీతం మీద ఇవ్వండి. అలిపిరి, శ్రీవారి మెట్టు దారుల్లో కంకి ఫొటోతో, దీన్ని కొన్నా అమ్మినా నేరమని తెలుగులో, తమిళంలో బోర్డులు పెట్టండి. ప్లాట్ల చుట్టూ ఎండుగడ్డి ఈసారైనా వేసవి ముదరకముందే తీయించండి.

— ఒక పాఠకుడు, తిరుపతి