ఆదివారం సాయంత్రం 5కి మేడ మీద: వాతావరణ హెచ్చరికలు చదవడం నేర్చుకుందాం

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం 5 నుంచి 6 దాకా మేడ మీద కలుద్దాం, మబ్బు పడితే కింద హాల్లో. పిల్లల్ని కూడా తీసుకురండి.

'100 మిల్లీమీటర్ల వాన' అని ఫోన్‌లో వస్తే చాలామందిమి చూసి వదిలేస్తాం. కానీ 1 మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు 1 లీటరు, అంటే 100 చదరపు మీటర్ల మేడ మీద 10,000 లీటర్లు, అదంతా కిందికే కదా రావాలి! ఈ లెక్క తెలిస్తే సెల్లార్‌లో బండి ముందే తీసేస్తాం.

పిడుగుల సంగతి ఇంకా ముఖ్యం. మెరుపు కనిపించిన 30 సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్ల దూరంలోనే పడినట్టు, వెంటనే ఇంట్లోకి వచ్చేయండి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే బయటికి వెళ్లండి. చెట్టు కింద అస్సలు నిలబడొద్దు.

వచ్చేటప్పుడు నిటారు అంచుల డబ్బా, స్కేలు తెచ్చుకోండి, వాన కొలిచే గేజ్ చేద్దాం.

నడవలేని పెద్దవాళ్లున్న ఇళ్లవాళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టండి, అవసరమైనప్పుడు ఎవరి ఇంటికి ఎవరు వెళ్లాలో ఆ రోజే రాసుకుందాం.

ఫోన్‌లో అత్యవసర హెచ్చరికలు ఆన్‌లో ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి. వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోగా 'వస్తాం' అని ఇక్కడే పెట్టండి.