ఒక జత ఫైబర్ కోసం పదకొండు నెలలు

గౌరవనీయులైన మంత్రి గారికి,

గుంటూరు నుంచి ఒక ఫిజిక్స్ లెక్చరర్ నమస్కరించి రాస్తున్నాను. కేంద్రం చేపట్టిన నేషనల్ క్వాంటం మిషన్ గురించి, మన రాష్ట్రంలోని అమరావతి క్వాంటం వ్యాలీ గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. మేమడిగింది చాలా చిన్నది. గుంటూరు, విజయవాడ మధ్య వాడకుండా పడి ఉన్న ఒక జత ఫైబర్‌ను రాత్రిపూట నాలుగు గంటలు మా ఫైనలియర్ పిల్లలకు ఇప్పించమన్నాం, అంతే. సందేశాలకు తాళం వేసే రహస్య తాళంచెవిని (కీ) ఫోటాన్లతో, అంటే కాంతి కణాలతో, పంపడానికి మన లైన్లు ఎంతవరకు పనికొస్తాయో వాళ్లు కొలవాలనుకుంటున్నారు.

మూడు అర్జీలు పెట్టాం. మొదటిదానికి జవాబే లేదు. రెండోది ఎవరి పరిధిలోకి వస్తుందో తేలక నాలుగు నెలలు బల్లలు మారింది. మూడోదాన్ని ఇంటి ఇంటర్నెట్ ఫిర్యాదు అనుకున్నారు. లైన్‌మన్ ఫోన్ చేసి, "బాక్స్ నంబరు చెప్పండి సార్" అన్నాడు. పాపం, అతని తప్పేం లేదు. సాయంత్రానికి "సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. అయ్యా, ఏం పరిష్కారమైంది? ఆ మెసేజ్ చూసి పిల్లల ముఖాలు వాడిపోయాయి. వాళ్లకేం చెప్పాలో నాకు తోచలేదు.

ల్యాబ్‌లో ఫైబర్ చుట్ట ఉంది కదా అని ఒక ఆఫీసులో అడిగారు. అది ఏసీ గదిలో కదలకుండా ఉంటుంది. మన దగ్గర చాలాచోట్ల ఫైబర్ కరెంటు స్తంభాల మీద వేలాడుతుంది. గాలికి ఊగినా, రోహిణి ఎండకు వేడెక్కినా ఫోటాన్ పోలరైజేషన్, అంటే ఆ కాంతి కంపించే దిశ, మారిపోతుంది. ఆ మార్పు ఎంతో అసలు లైను మీద కొలిస్తేనే తెలుస్తుంది.

పైగా ఇక్కడ మామూలు ఇంటర్నెట్‌లా దారిలో ఆంప్లిఫయర్ పెట్టి సిగ్నల్ పెంచుకునే వీల్లేదు. ఆంప్లిఫయర్ సిగ్నల్‌కు నకళ్లు తీస్తుంది; ఫోటాన్ మోసే తెలియని క్వాంటం స్థితికి మాత్రం నకలు తీయలేమని 1982లోనే రుజువైంది. మంచి ఫైబర్‌లో కూడా 100 కిలోమీటర్లు దాటేసరికి నూటికి ఒక్క ఫోటానే మిగులుతుంది. 500 కిలోమీటర్లకైతే వెయ్యి కోట్లకు ఒకటి! అందుకే చైనా బీజింగ్–షాంఘై లైన్‌లో 2,000 కిలోమీటర్లకు, తాళంచెవిని అందుకుని మళ్లీ ముందుకు పంపే 32 కేంద్రాలు పెట్టుకుంది. ఆ కేంద్రాల్లో రహస్య తాళంచెవి బయటపడుతుంది కాబట్టి ప్రతిదానికీ కాపలా ఉండాలి. మన మిషన్ లక్ష్యం కూడా 2,000 కిలోమీటర్లే. ఎన్ని కేంద్రాలు, ఎక్కడెక్కడ అన్నది తేల్చాలంటే మన ఎండలో, మన గాలిలో తీసిన కొలతలు కావాలి.

ఏప్రిల్‌లో ఈ బ్యాచ్ వెళ్లిపోతుంది. చేతులు జోడించి అడుగుతున్నాను, ఒక్క జత ఇప్పించండి. కుదరదంటే ఆ మాటైనా కాగితం మీద రాసి పంపించండి. మూడు అర్జీల రసీదులూ ఈ లేఖతో జత చేస్తున్నాను.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్,
గుంటూరు