సింగపూర్‌లో ఉన్న అమ్మలుకి

గుంటూరు,
కార్తీక సోమవారం

చి॥ల॥సౌ॥ అమ్మలుకి నాన్న ఆశీర్వచనాలు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటానని పట్టుబట్టి, మధ్యాహ్నానికి నీరసపడి, ఆ నీరసమంతా నా మీద చూపిస్తోంది. షుగర్ మాత్ర వేసుకుని ఉపవాసమేమిటని డాక్టరు గారు కోప్పడినా వినదు. నువ్వు చెబితే వింటుంది గానీ నువ్వు ఫోన్ చేస్తేగా. దీపావళికి దీపం బొమ్మతో ఒక మెసేజి పెట్టావు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. హియరింగులు ఉన్నప్పుడు నీకు తిండీ నిద్రా ఉండవని శ్రీకాంత్ చెప్పాడు. అతనైనా ఫోన్ ఎత్తుతున్నాడు, సంతోషం.

ఉత్తరం రాయడానికి పెద్ద కారణమేమీ లేదు. వేసవిలో నువ్వు వదిలేసి వెళ్ళిన నీ ఆర్బిట్రేషన్ కేసుల కాగితాల కట్ట బీరువాలో దొరికితే చదువుతున్నాను. నా బి.కాం. ఇంగ్లీషుతో లాక్కొస్తున్నాను. మీ లాయర్లు ఫుల్‌స్టాప్ పెట్టడానికి అంత పిసినారితనం ఎందుకు చేస్తారో అర్థం కాదు.

అందులో చైనా వాళ్ళ షియాన్ కేసు నాకు బాగా పట్టింది. బొగ్గు గని కంపెనీ వాటాల తగాదా. కోర్టు బయట తీర్పు చెప్పే ఆర్బిట్రేటర్లు విచారణ జరుపుతూనే, మధ్యలో రాజీ కుదురుతుందేమో చూద్దామనుకున్నారు. ఎక్కడ? ఒక పెద్ద హోటల్లో, రాత్రి భోజనం దగ్గర. అక్కడి ఆర్బిట్రేషన్ కమిషన్ కార్యదర్శి, ఆర్బిట్రేటర్లలో ఒకాయన, ఒక పక్షానికి బాగా కావలసిన మనిషి కూర్చున్నారు. 25 కోట్ల యువాన్లకు తెగ్గొట్టుకుందాం, మీవాళ్ళకి నచ్చజెప్పమని ఆ మనిషితో అన్నారు. రాజీ కుదరలేదు, తీర్పు ఆ పక్షానికే వ్యతిరేకంగా వచ్చింది. దాన్ని అమలు చేయించుకోవడానికి అవతలివాళ్ళు హాంకాంగ్ కోర్టుకెళితే, 2011లో జడ్జి గారు ఇదేం పద్ధతి, పక్షపాతం జరిగిందన్న అనుమానం ఎవరికైనా వస్తుంది, అమలు చెయ్యను పొమ్మన్నారు. అదే ఏడాది డిసెంబరులో పై కోర్టు ఆ మాట కొట్టేసింది. రాజీ ప్రయత్నం జరిగిన ఊళ్ళో అలాంటివి మామూలుగా ఎలా జరుగుతాయో కూడా చూడాలి కదా అంది. ఒకే భోజనం ఒక కోర్టుకి మచ్చలా కనిపించింది, ఇంకో కోర్టుకి అక్కడి ఆనవాయితీలా కనిపించింది. నాకైతే పై కోర్టు మాటే నచ్చింది. ఇంకో మాట కూడా అన్నారు చూడు. భోజనం సంగతి తెలిసినప్పుడే అభ్యంతరం చెప్పకుండా, ఆర్బిట్రేషన్‌లో కొనసాగి, ఓడిపోయాక అల్లరి చేస్తే కుదరదని.

అభ్యంతరం ఉన్నవాళ్ళు అప్పుడే చెప్పాలి. వేసవిలో నువ్వు ఇంట్లో ఉన్నన్ని రోజులూ ఏమీ అనలేదు.

మొన్న బాపట్ల అత్తయ్య వచ్చింది. ఆవిడ సంగతి తెలుసుగా, కాఫీ చల్లారేలోపు జిల్లా కబుర్లన్నీ చెప్పేస్తుంది. కొరిటెపాడు ఇంటి విషయంలో నువ్వు హైదరాబాద్‌లో ఎవరో లాయరుతో మాట్లాడావని, నీ తమ్ముడు రాఘవకి నోటీసు రాబోతోందని అంది. నేను పట్టించుకోలేదు. బాపట్ల నుంచి వచ్చే వార్తల్లో సగం పొన్నూరు దగ్గర పుడతాయి. కోడలు పద్మ మాత్రం వంటింట్లోంచి విన్నట్టుంది. ఆ రాత్రి ఎవరూ సరిగా తినలేదు.

సరే, ఆ సంగతి వదిలెయ్యి. మన మిరపకాయలు కొనే హాంబర్గ్ ఆయన గుర్తున్నాడా? నీకు టెన్త్‌లో రంగు పెన్సిళ్ళ డబ్బా పంపాడే, ఆయన. యూరప్‌లో మిరపకాయలో బూజు వల్ల పుట్టే విషం, అఫ్లటాక్సిన్, మొత్తం కిలోకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. మన సరుకు ఒకసారి దాటింది. ఆయన ఒక పేజీ లెటరు పంపాడు. ఫలానా క్లాజు, ఫలానా ల్యాబ్ రిపోర్టు, ఇంత డబ్బు, ఇన్ని రోజుల్లో కట్టకపోతే ఆర్బిట్రేషన్. మనిషి రాసినట్టే లేదు. ఇన్నేళ్ళ స్నేహం ఇంతేనా అని నాకు అన్నం సహించలేదు. అదే వారంలో ఆయన దగ్గర్నుంచి ఇంకో మెయిలు వచ్చింది. వచ్చే సీజన్‌కి తేజ రకం మిరప రేటు ఎలా ఉండొచ్చు, మీ అమ్మాయి పరీక్షలు ఎలా రాసిందని. ఆయనకి లెక్క లెక్కే, స్నేహం స్నేహమే, బీరువాలో రెండు అరల్లా. మన ఇళ్ళలో ఆ అరలు ఉండవమ్మా. మన దగ్గర రిజిస్టర్డ్ పోస్టులో కవరు వచ్చిందంటే, అందులో ఏముందో చదవకముందే పెళ్ళిళ్ళకి పిలుపులు ఆగిపోతాయి. అది నీకు నేను చెప్పాలా?

చింగ్‌దావ్ పార్టీ గొడవ నీకు పూర్తిగా తెలియదు, అప్పుడు హాస్టల్లో ఉన్నావు. తేజ ఒక కంటైనర్ చెన్నై నుంచి వెళ్ళింది. అక్కడ తలుపు తీసేసరికి అడుగు వరస టిక్కీలు, అదే మిరప బస్తాలు, బూజు పట్టాయన్నారు. తేమ మీ దగ్గరే ఎక్కువని వాళ్ళు, ఓడలో కంటైనర్ చెమర్చిందని నేను. కాంట్రాక్టులో తగాదాలన్నీ సింగపూర్ ఆర్బిట్రేషన్‌కి అని ఉంది. చెన్నై లాయరు గారు ఖర్చు లెక్క వేసి చెబితే, ఆ డబ్బుతో ఇంకో కంటైనర్ సరుకు కొనొచ్చనిపించింది. అంతకన్నా నన్ను తినేసింది ఏమిటంటే, వాళ్ళు పలకలేదు. మెయిలు పెడితే జవాబు లేదు. ఫోన్ చేస్తే చూస్తున్నాం, చూస్తున్నాం అంటారు. ఆ మౌనం కోపమో, ఆలోచనో, వదిలేశారో తెలిసేది కాదు. దూరాన ఉన్నవాళ్ళు మాట్లాడకపోతే ఇక్కడ ఉన్నవాళ్ళు ఎన్ని ఊహించుకుంటారో!

చివరికి ఒక పొద్దున్నే యజమానే కారు దిగాడు, మేనల్లుణ్ణి వెంటేసుకుని. ఆ కుర్రాడికి ఇంగ్లీషు వచ్చు. నేను సర్వే రిపోర్టు, ఫోటోలు, తేమ కొలిచిన కాగితాలు అన్నీ సర్దుకుని కూర్చున్నాను. ఆయన ఫైలు వంక కూడా చూడలేదు. హాల్లో తాతయ్య ఫోటో దగ్గర ఆగి ఎవరని అడిగాడు. ఈ వ్యాపారం మొదలుపెట్టింది ఆయనే అంటే, కాసేపు అక్కడే నిలబడ్డాడు. భోజనానికి మీ అమ్మ గోంగూర మాంసం చేసింది. మిరపకాయలు కంటైనర్ల లెక్కన కొనే మనిషికి చెవులు ఎర్రబడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మీరు తినరా ఇంత కారం అంటే, మేం దాంట్లోంచి రంగూ నూనే తీసి అమ్ముతాం, తినేది వేరేవాళ్ళు అన్నాడట. మేనల్లుడు మాత్రం మారు వడ్డించుకున్నాడు.

మర్నాడు కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్ళమన్నాడు. అదే లాటు సరుకు ఇంకా కొంత ఉంది. ముఠా కూలీల చేత అడుగు వరసలోని టిక్కీ ఒకటి లాగించి, కుట్టు విప్పించి, మోచేతి దాకా చెయ్యి దూర్చి లోపలి కాయ తీశాడు. తొడిమ దగ్గర విరిచి వాసన చూశాడు. గింజలు అరచేతిలో పోసుకుని వేలితో కదిపాడు. ఏమీ అనకుండా ఇంకో కాయ జేబులో వేసుకున్నాడు. నాకు గుండెల్లో రైళ్ళు పరిగెడుతున్నాయి. ఆయనేమో దగ్గర్లో చూడదగ్గ గుడి ఉందా అని అడిగాడు. కోటప్పకొండ తీసుకెళ్ళాను, ఏం చేస్తాం. కొండ దిగుతుండగా మేనల్లుడి చేత చెప్పించాడు. ఆ కంటైనర్ సంగతి ఇద్దరం మర్చిపోదాం, వచ్చే రెండు కంటైనర్లకి ధర మీరే కొంచెం చూసి వెయ్యండి, సరుకు మాత్రం దగ్గరుండి ఎక్కించండి అని. తప్పు నీదని అనలేదు. నాది కాదని నన్ను వాదించనివ్వలేదు. ఎంత తగ్గించాలో నేనే చెప్పాలి! తక్కువ చెబితే పరువు పోతుంది, ఎక్కువ చెబితే డబ్బు పోతుంది. నేను చెప్పిన అంకె విని తల ఊపాడు, అంతే. వ్యాపారం రాఘవకి అప్పగించేదాకా ఆ పార్టీ మనల్ని వదల్లేదు.

నాన్నా, అందరూ అలాంటివాళ్ళే ఉండరు అంటావు. ఉండరు. కొండ మీద మాట ఇచ్చి కిందికొచ్చాక ఎగ్గొట్టినవాళ్ళు నాకూ తగిలారు. అందుకే 1958లో న్యూయార్క్ ఒప్పందం పెట్టుకున్నారు, ఒక దేశంలో వచ్చిన ఆర్బిట్రేషన్ తీర్పు ఇంకో దేశంలో చెల్లేలా. రాజీ కాగితాలకి కూడా అలాంటి బలం కావాలని 2019 ఆగస్టు 7న మీ ఊళ్ళోనే ఇంకో ఒప్పందం మీద మొదటిరోజే 46 దేశాలు సంతకం పెట్టాయి, మనతో సహా. కాదనను. కాగితం ఉండాలి. అది ఎప్పుడు బయటికి తియ్యాలన్నదే నేను అనేది.

అందులో ఎలాంటి మాటలు రాస్తారన్నది కూడా. 1951లో అబూధాబీ చమురు కేసులో తీర్పు చెప్పిన ఇంగ్లీషు లార్డ్ ఆస్క్విత్ గారు ఏమన్నారో నువ్వే గీత గీసి పెట్టావు. ఇంత ఆదిమ ప్రాంతంలో ఆధునిక వ్యాపార ఒప్పందాలకి పనికొచ్చే న్యాయసూత్రాలు ఉంటాయనుకోవడం ఊహే అన్నారు. వందల ఏళ్ళుగా ఖాజీలు, పెద్దలు తగాదాలు తీర్చుకుంటున్న చోట ఆ మాట! అరబ్బులు దాన్ని మర్చిపోలేదు. 1958లో అరాంకో చమురు కంపెనీ కేసు సౌదీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా పోయింది. 1963లో వాళ్ళు ప్రభుత్వ శాఖలు ఆర్బిట్రేషన్‌కి వెళ్ళకూడదని ఉత్తర్వు ఇచ్చారు. న్యూయార్క్ ఒప్పందంలో చేరేసరికి 1994 అయింది. మన లాయర్లు మాత్రం తక్కువా? మా క్లయింటును మోసగించాలనే దురుద్దేశంతో అని మొదలుపెడతారు. వాళ్ళకి అది రోజూ టైపు చేసే వాక్యం. చదివే తమ్ముడికి మాత్రం అక్క అన్న మాటే అవుతుంది.

నీకు హక్కు లేదనడం లేదు. రామారావు గారి హయాంలో, 1986లోనే మన రాష్ట్రంలో ఆడపిల్లకి వాటా అని చట్టం చేశారు. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆ ఇంటి మీద రాఘవ తెచ్చిన అప్పు కోల్డ్ స్టోరేజీ వాటా కోసం. కాగితాలు నా దగ్గరే ఉన్నాయి, చూపిస్తాను. వాడు నిన్ను అడగాల్సింది, వాడికి ఆ మాట మీ అమ్మ గట్టిగానే చెప్పింది. పద్మకి అందులో ఏ పాత్రా లేదు, ఆ పిల్లని లాగొద్దు.

మధ్యవర్తిగా నన్ను కూర్చోమంటావేమో, నేను పనికిరాను. 2021లో జస్టిస్ రమణ గారు హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ సెంటర్ ప్రారంభించిన ఏడాదే, ఒక సభలో కృష్ణ రాయబారం ఉదాహరణగా చెప్పారు. కృష్ణుడు మీ సెంటర్‌కి దరఖాస్తు పెడితే మీరు తీసుకుంటారా? రెండు పక్షాలకీ చుట్టం. సైన్యం ఒకరికి ఇచ్చాడు, తను ఇంకొకరి వైపు వెళ్ళాడు. సంబంధాలన్నీ బయటపెట్టే మీ డిస్‌క్లోజర్ ఫారమే పది పేజీలు నిండుతుంది. మీ పద్ధతిలో ఎవరికీ ఏమీ కానివాడే మధ్యవర్తి. మన పద్ధతిలో అందరికీ ఏదో ఒకటి అయినవాడి మాటే చెల్లుతుంది. ఇప్పుడు మన ఇంట్లో ఆ అర్హత ఉన్నది తెనాలి బాబాయి ఒక్కడికే. నువ్వు సరేనంటే అడుగుతాను. అత్తయ్యని మాత్రం పిలవను.

నీ కాగితాల్లో ఇంకోటి చూశాను. మీ సింగపూర్‌లో 2014 నుంచి ఒక ఏర్పాటు ఉందట. ఆర్బిట్రేషన్ మొదలుపెట్టి, దాన్ని ఆపి, రాజీ మాటలకి, అంటే మీడియేషన్‌కి, 8 వారాలు ఇచ్చి, కుదరకపోతే మళ్ళీ మొదటికి వెళ్ళడం. కేసు ఎక్కడికీ పోదు. ఆ నోటీసు నిజమే అయితే దాన్ని కూడా అలాగే ఆపు. ఇవాళ్టి నుంచి 8 వారాలంటే సంక్రాంతికి సరిపోతుంది. శ్రీకాంత్‌కి సెలవు దొరక్కపోతే చిట్టిని తీసుకుని నువ్వైనా రా. టిక్కెట్లు ఇప్పుడే తియ్యి, తర్వాత రేట్లు పెరుగుతాయి. డబ్బు నేను పంపుతాను, వద్దనకు.

మీకు అక్కడ ఇప్పుడు వానలట. ఆఫీసు ఏ.సి.లో తడిసిన బట్టలతో కూర్చోకు, నీ సైనస్ సంగతి నాకు తెలుసు. సుబ్బారావు మనవడు 24న బయల్దేరుతున్నాడు. అతని చేత ఉసిరికాయ పచ్చడి, కందిపొడి, చిట్టికి సున్నుండలు పంపిస్తున్నాం. పచ్చడి సీసా మూత వదులు, కవర్లో పెట్టి టేపు చుట్టాను. విప్పేటప్పుడు నిటారుగా పట్టుకో.

ఆదివారం ఫోన్ చెయ్యి. నోటీసు సంగతి అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పు, చాలు. ల్యాండ్‌లైన్ పనిచెయ్యడం లేదు, నా సెల్‌కే చెయ్యి, మధ్యాహ్నం పన్నెండున్నర లోపు. ఆ తర్వాత నేను పడుకుంటానని తెలుసుగా.

మీ నాన్న

తా.క. అమ్మ రాయమంది: సంక్రాంతి చీరకి జాకెట్టు కుట్టించాలట, పాత కొలతే సరిపోతుందా, మార్చాలా?