బుజ్జికి, నాన్న రాసేది

చి. బుజ్జికి ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. అమ్మ ఆవకాయ పెట్టింది, నీ వాటా చిన్న జాడీలో వేరే తీసింది. రాజమండ్రి పిన్ని మోకాలు కాస్త నయం. నువ్వు ఫోన్ చేసి మూడు ఆదివారాలైంది.

ఒంటరిగా నెట్టుకురావడం నేర్చుకున్నానని కిందటి మెయిల్లో ఇంగ్లీషులో రాశావు. 'లెర్న్‌డ్' అని చివర ఈ, డీ పెట్టావు. ముప్పయ్యేళ్లు కాంపోజిషన్ పుస్తకాలు దిద్దినవాణ్ణి, చూపు ముందు అక్కడే ఆగింది. తప్పని కాదమ్మా. అమెరికాలో అదే వాడుక. డ్రీమ్, బర్న్, స్పెల్, అన్నిటికీ ఈడీయే. ఇంగ్లండులో రెండూ చెల్లుతాయి, మన బళ్లో నేర్పింది చివర టీ, 'లెర్న్‌ట్' అని. స్లెప్ట్, కెప్ట్ మాత్రం ఎక్కడైనా టీయే. అమెరికావాళ్లు కూడా మాడిన రొట్టెని 'బర్న్‌ట్ టోస్ట్' అనే అంటారు. 'లెర్నెడ్' అని రెండు ముక్కలుగా పలికితే పండితుడని అర్థం, దానికి టీ పనికిరాదు. ఆఫీసు కాగితాల్లో ఒకచోట టీ, ఒకచోట ఈడీ కలపకు. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే రాయి.

ఒంటరిగా అన్నావేం? నీతో ఉండే అమ్మాయి ఇల్లు మారిందా?

ఎనిమిదో తరగతిలోనూ ఈ మాటే ఇలాగే రాశావు. ఎర్రసిరాతో కొట్టేసి అర మార్కు తీశాను. సొంత కూతురివని ఇంకాస్త గట్టిగా కొట్టాను. సాయంత్రం నోరు విప్పలేదు, అన్నానికి రాలేదు. తాతయ్య అట్టలూడిన డిక్షనరీ తెచ్చి నా ముందు పరిచి, ఆ మాట మీద వేలు ఆనించి నిలబడ్డావు. వేలికి సిరా మరక. పక్కపక్కనే రెండు రూపాలూ ఉన్నాయి. కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివి మార్కు వేశాను. అప్పుడు తిన్నావు, మారు కూడా అడిగి. నీకు కష్టమొస్తే మాట ఆగిపోతుందని నాకు తెలిసింది ఆ రోజే.

పెళ్లయిన కొత్తలో అమ్మ 'వచ్చిండు' అంటే 'వచ్చాడు' అని దిద్దబోయాను. 'ఎట్లన్నా మనిషి ఇంటికొచ్చిండా లేదా' అంది. ఆ తర్వాత ఎన్నడూ దిద్దలేదు.

బయటి తిండి తగ్గించు. చారు పెట్టుకోవడానికి పావుగంట పట్టదు. రాత్రి ఏ వేళైనా ఫోన్ చెయ్యి, తలగడ పక్కనే పెట్టుకుంటున్నాను. నీ మెయిల్ అమ్మకి తెలుగులో చదివి వినిపించినప్పుడు 'ఒంటరిగా' అన్న మాట వదిలేశాను. అదేమిటో నువ్వే చెప్పు.

నాన్న